ఆరడుగుల శవం చివరి పేజీ

నేను ఒక నవలను. నా అట్ట చూసి మోసపోకండి. అట్ట మీద ఒక అమ్మాయి గులాబీ పట్టుకుని ఏడుస్తూ ఉంటుంది, వెనకాల చంద్రుడు. లోపల మాత్రం మొదటి వాక్యంలోనే శవం. ఆరడుగుల శవం. ఒంటి మీద పట్టు లాల్చీ, నుదుటి మీద పడిన జుట్టు, వేలికి విదేశీ కారు తాళాలు. పేరు విక్రాంత్.

ఈ విక్రాంత్‌ని మీరు ఎరుగుదురు. ఇంటింటికీ టీవీలు రాకముందు, వీధి వీధికీ ఒక అద్దె లైబ్రరీ ఉండే రోజుల్లో, ఆడవాళ్ళు చదివే ప్రతి నవలలోనూ ఇతనే హీరో. పేరు మారేది, ఎత్తు మారేది కాదు. మేడ మెట్లు దిగుతూ ప్రవేశిస్తాడు. వారపత్రికలో సీరియల్ మొదలైన మూడో వారంలో హీరోయిన్ని చెంపదెబ్బ కొడతాడు. ముప్పయ్యో వారంలో ఆమె కన్నీళ్ళు తుడుస్తాడు. శుభం.

నాలో అతను మేడమెట్ల కింద చచ్చి పడి ఉంటాడు. అతన్ని ప్రేమించిన ఏడుగురు అమ్మాయిలూ ఆ మేడలోనే ఉంటారు. ఏడుగురూ అతని చేత దెబ్బ తిన్నవాళ్ళే, ఏడుగురూ ఆ దెబ్బలో ఏదో ఆప్యాయతను కనిపెట్టినవాళ్ళే. దర్యాప్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ భుజంగం నోరు తెరవకముందే ఒక్కొక్కరూ మిగతా ఆరుగురి కోసం త్యాగానికి సిద్ధపడి, "నేనే చంపాను" అని చేతులు చాస్తారు. శవం ఒకటి, హంతకులు ఏడుగురు. భుజంగానికి పిచ్చెక్కుతుంది. నిజం ఏమిటో చివరి పేజీలో ఉంటుంది.

ఆ చివరి పేజీ వల్లే నా బతుకు ఇన్ని మలుపులు తిరిగింది.

నేను పుట్టింది తెనాలిలో ఒక వంటింట్లో, కందిపప్పు డబ్బా మూత మీద. నన్ను రాసింది తాయారు. చిన్న మనిషి, వేళ్ళకు పసుపు మరక. భర్త రైల్వేలో పని. ఆమె రచయిత్రి అని ఆ భర్తకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకపోవడానికి కారణం ఉంది. ఆమె రాసినవన్నీ "మధూళి" పేరుతో వచ్చేవి. ఆ పేరు విజయవాడ పబ్లిషరు గురునాథం సొత్తు. ఆయనే పెట్టాడు, ఆయనే రిజిస్టరు చేయించాడు. పుస్తకం వెనక అట్ట మీద మధూళి ఫొటో కూడా ఉండేది. వీపు తిప్పి నిలబడిన ఒక స్త్రీ, మోకాళ్ళ దాకా జడ. ఆ జడ గురునాథం మరదలిది. మొహం ఎవరిదో ఎవరికీ తెలియకూడదని ఆయన షరతు. ఆంధ్రదేశంలో ఆడవాళ్ళంతా ఆ జడకు ఉత్తరాలు రాసేవాళ్ళు.

అందరికంటే పెద్ద భక్తురాలు తాయారు సొంత ఆడపడుచు సుభద్ర.

నేను ఇంకా తెల్ల కాగితాల బొత్తిగా ఉన్న రోజున సుభద్ర వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చుంది. చేతిలో వారపత్రిక. ఎడమ చెంప కందిపోయి ఉంది.

"ఏమిటే ఆ చెంప?" అంది తాయారు.

"ఏం లేదులే, ఆయనకి కాఫీ చల్లారిపోయిందట. అది కాదు వదినా, ఈ వారం మధూళి చదివావా? ఏం రాసిందనుకున్నావ్!"

"చెంప సంగతి చెప్పమంటే మధూళి అంటావేం?"

"మగాడన్నాక ఆ మాత్రం కోపం ఉండదూ? కొట్టిన చెయ్యే చివరికి కన్నీళ్ళు తుడుస్తుందని మధూళే రాసింది. మా ఆయనకి ఇంకా మూడో వారమే నడుస్తోంది." సుభద్ర నవ్వింది. నవ్వితే చెంప నొప్పి పుట్టి ఆగిపోయింది. "ముప్పయ్యో వారం రాకపోతుందా? నువ్వు ఇలాంటివి చదవవు కాబట్టి నీకు తెలీదు. చదివితే మనుషులు అర్థమవుతారు."

తాయారు పొయ్యి వైపు తిరిగింది. కొట్టిన చెయ్యి, తుడిచే కన్నీళ్ళు ఉన్న ఆ వాక్యం ఆమె ఇదే వంటింట్లో, మినప్పప్పు నానేలోపు రాసింది. అప్పుడు అందంగానే ఉంది అనుకుంది.

సుభద్ర వెళ్ళాక తాయారు గిన్నెలు కడగలేదు. పప్పు డబ్బా మీద కాగితం పెట్టుకుని నా మొదటి వాక్యం రాసింది. "విక్రాంత్ చచ్చిపోయాడు." రాసి, కలం పక్కన పెట్టి, చాలా రోజులుగా ఊపిరాడనివాడు కిటికీ తెరుచుకున్నట్టు గట్టిగా గాలి పీల్చింది.

నన్ను పూర్తిచేసి విజయవాడ తీసుకెళ్ళింది. గురునాథం మొదటి పేజీ చదివి కళ్ళజోడు తీసేశాడు.

"చంపేశావా తల్లీ! మొదటి పేజీలోనే! అతను మన అన్నదాతమ్మా!"

"చివరిదాకా చదవండి. నవ్వొస్తుంది."

"నాకు నవ్వు రాదు, భయం వస్తోంది. ఇది మధూళి పేరుతో వేస్తే మధూళి పోతుంది. నీ పేరుతో వేస్తే పుస్తకం పోతుంది."

"నా పేరుతోనే వెయ్యండి."

గురునాథం ఆమెను పైనుంచి కిందికి చూశాడు. అన్నేళ్ళుగా ఆమె ఆయన్ని ఏమీ అడగలేదు. "సరే. దసరాలోపు మొదటి ముద్రణ అంతా అమ్ముడై చెల్లిందనుకో, ఇక నుంచి నీ పేరుతోనే రాసుకో, నేను అడ్డు రాను. చెల్లకపోతే మిగిలిన కాపీలు పకోడీల బండికి పోతాయి. నువ్వు నీ పేరు మళ్ళీ నా దగ్గర ఎత్తకూడదు. మధూళిగా రాస్తూ మధూళిగానే పోవాలి. ఇష్టమేనా?"

"ఇష్టమే" అంది తాయారు. కాగితాలుగా ఉన్న నేను ఆ బల్ల మీదే ఉన్నాను. ఆమె చెయ్యి నా మీద ఉంది.

ఆ విధంగా ఆమె పేరూ నా ప్రాణమూ ఒకే తాడుకు కట్టేశారు.

నన్ను అచ్చువేసే చోట నవ్వులే నవ్వులు. అక్షరాలు పేర్చేవాళ్ళు ఏడో హీరోయిన్ ఒప్పుకోలు దగ్గర పని ఆపేసి ఒకళ్ళకొకళ్ళు చదివి వినిపించుకున్నారు. నేను గెలిచినట్టే అనుకున్నాను. కానీ నా అట్టకు బొమ్మ వేసే ఆయన ఏ పుస్తకమూ చదివి ఎరుగడు. ఆయనది ఒకటే ప్రశ్న. "రాసింది ఆడవాళ్ళా, మగవాళ్ళా?" మగవాళ్ళంటే పిస్తోలు వేస్తాడు, ఆడవాళ్ళంటే గులాబీ. కింద "కె. తాయారు" అని చూశాడు. గులాబీ వేశాడు. ఆరడుగుల శవం అనే పేరును ఆ గులాబీ ముళ్ళ మధ్య సన్నటి అక్షరాలతో ఇరికించాడు.

అంతే. హత్యలు చదివే మగవాళ్ళు ఏడుపు అట్ట చూసి నన్ను ముట్టుకోలేదు. ఏడుపు కోసం తీసుకెళ్ళిన ఆడవాళ్ళకు లోపల శవం ఎదురైంది.

తాయారుకు వచ్చిన మొదటి ప్రతిని నేనే. ఆమె నన్ను ఇంట్లో ఉంచుకోలేదు. వదిన చేతినుంచి సుభద్ర పుస్తకం పుచ్చుకోదని ఆమెకు తెలుసు. అందుకని నన్ను సంచిలో పెట్టుకుని వీధి చివర హైమావతి లైబ్రరీకి తీసుకెళ్ళి, "ఎవరో ఇచ్చారు, నీకు పనికొస్తుందేమో చూడు" అని ఇచ్చేసింది.

హైమావతి తన ఇంటి ముందుగదిలో బీరువాలు పెట్టి లైబ్రరీ నడిపేది. పుస్తకాలు చదవదు. ఎంత నలిగిందో చూసి ఎంత మంచిదో చెప్పేస్తుంది. నాకు ఖాకీ కాగితం తొడిగి, గులాబీ అమ్మాయి మాత్రం కనబడేలా కిటికీలా కత్తిరించి, ముందు వరసలో నిలబెట్టింది.

మొదటి రోజు నన్ను తీసుకెళ్ళిన ఒక టీచరమ్మ మర్నాడే తెచ్చి బల్ల మీద పడేసింది.

"ఇదేంటి హైమా! హీరోని మొదటి పేజీలోనే చంపేస్తే మిగతా పేజీలన్నీ ఎవరి మొహం చూసి చదవాలి?"

తర్వాత ఒకావిడ, "అమ్మాయిలు ఏడుగురట. ఒక్క పెళ్ళీ లేదు. డబ్బు దండగ" అంది.

సుభద్ర నన్ను చేతిలోకి తీసుకుని పేరు చూసి వెనక్కి పెట్టేసింది. ఆ సాయంత్రం వదినకు చెప్పిందట. "నీ పేరే వదినా. నీలాగే పనిలేని మనిషి అయి ఉంటుంది. మా విక్రాంత్‌ని చంపడానికి దానికి చేతులెలా వచ్చాయో!"

రోజులు గడిచాయి. నా కాగితం నలగలేదు. హైమావతి నన్ను వెనక వరసకు, అక్కణ్ణించి కింది అరకు మార్చింది. నా పక్కన పంచాంగాలు. వానలు మొదలయ్యాయి, దసరా దగ్గరకొస్తోంది. తాయారు రెండు రోజులకొకసారి వచ్చి, ఇంకేదో వెతుకుతున్నట్టు వంగి, నన్ను వేలితో తడిమి వెళ్ళిపోయేది. ఆ వేలు నానాటికీ చల్లబడేది.

ఒకనాడు ఆమె అలా వంగి ఉండగా పైన గొడవ మొదలైంది. ఒక డిటెక్టివ్ నవల మొదటి పేజీలో ఎవరో పెన్సిలుతో "హంతకుడు డాక్టరే" అని రాసేశారు. ఇది అద్దె లైబ్రరీల్లో పాత జబ్బు. ముందు చదివినవాడు తర్వాతివాడి సుఖం చూడలేడు.

"ఈ చేతులు పడిపోను!" అంటూ హైమావతి డ్రాయరులోంచి రబ్బరు తీసింది.

"ఉండండి, చెరపకండి" అన్నాడు నవల తెచ్చిన పెద్దమనిషి. "నాకెందుకో డాక్టరు కాదనిపిస్తోంది. ఇంకోసారి చదివి చూస్తాను. ఇంకో రోజుకి రాసుకోండి."

తాయారు వంగినది వంగినట్టే ఉండిపోయింది. నేను ఆమె మొహం చూశాను. మునిగిపోయేవాడికి కాలికి ఏదో తగిలినట్టుంది ఆ మొహం.

ఆ రోజు నన్ను అద్దెకు తీసుకుంది. ఇంటికి వెళ్ళి, తలుపు గడియ వేసి, ఎడమచేత్తో పెన్సిలు పట్టుకుని నా మొదటి పేజీలో వంకరటింకరగా రాసింది. "చంపింది మూడో అమ్మాయి సునీత. చివర్లో ఏడుస్తుంది."

పచ్చి అబద్ధం! నాకు సిగ్గేసింది. నన్ను కన్నతల్లే నా మీద అబద్ధం రాస్తోంది.

కానీ అది పనిచేసింది. హైమావతి చూసేలోపే ఒకావిడ చూసింది. హంతకురాలు ఎవరో తెలిసిపోయిందని మండిపడి, నిజమో కాదో చూద్దామని చదివింది, కాదని తెలిసి మరీ మండిపడి, పక్కనే "అబద్ధం. సునీత కాదు" అని రాసింది. తర్వాతి మనిషి "అయితే ఎవరు? పెద్ద కబుర్లు చెప్పకపోతే పేరు రాయొచ్చుగా" అని రాసింది. ఆ కింద "రాయను. చదువు" అని ఇంకొకరు. నా అంచులన్నీ జాతరలా నిండిపోయాయి. పూర్తిగా చదివినవాళ్ళు కొందరు నిజమే చెప్పారు. ఎవరూ నమ్మలేదు. ఏడిపిస్తున్నారనుకున్నారు.

తాయారు అంతటితో ఆగలేదు. పిన్నిని చూడాలని గుంటూరు, పెళ్ళిచూపులని బాపట్ల వెళ్ళింది. అక్కడి లైబ్రరీల్లో నా తోబుట్టువులను వెతికి, ఒకదానిలో అయిదో అమ్మాయి పేరు, ఇంకోదానిలో ఇన్‌స్పెక్టర్ భుజంగం పేరు రాసి వచ్చింది. గుంటూరు చుట్టాలు తెనాలి వచ్చినప్పుడు భోజనాల దగ్గర కొట్లాటలు జరిగాయి.

నా ఖాకీ తొడుగు చిరిగింది. హైమావతి మురిసిపోయి కొత్తది వేసింది. నా కోసం వరస కట్టారు. ఆ వరసలో చివరకు సుభద్ర కూడా నిలబడింది. "చదవడానికి కాదు హైమా, ఆ మనిషి ఎంత తప్పుగా రాసిందో చూడ్డానికి" అంది.

తాయారు సంతోషంగా నన్ను సంచిలో వేసుకుని విజయవాడ వెళ్ళింది. నా అంచుల మీది జాతరను గురునాథం ముందు పరిచింది.

ఆయన తాపీగా చదివాడు. ఈసారి నవ్వాడు కూడా. తర్వాత గోడౌను తలుపు తీసి చూపించాడు. పైకప్పు దాకా గులాబీ అమ్మాయిలు. అందరూ నా తోబుట్టువులే, ఎలకల వాసన మధ్య.

"తాయారమ్మా, ఒక్క కాపీని ఊరంతా చదివితే నాకేం ఒరిగింది? లైబ్రరీ ఒక్కటే కొంటుంది. చదివేవాళ్ళు వేరు, కొనేవాళ్ళు వేరు. దసరాకి ఇంకో నెలే ఉందమ్మా. పకోడీల వాడికి కబురు పెట్టాను కూడా."

తిరుగు ప్రయాణంలో పాసింజరు బండి కిటికీ దగ్గర ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దుగ్గిరాల దాటే దాకా కదల్లేదు. అప్పుడు నా చివరి పేజీ తీసి, దాని అంచును బొటనవేలితో పై నుంచి కిందికి నిమిరింది. ఆ నిమరడం నాకు నచ్చలేదు.

కొనకుండా చదివేవాళ్ళ చేత కొనిపించే దారి ఒక్కటే మిగిలింది. చివరి పేజీ లేకపోతే చదివినవాళ్ళకు నిద్ర పట్టదు. లైబ్రరీ మళ్ళీ కొనాలి, లేదా వాళ్ళే కొనుక్కోవాలి. తన పుస్తకాన్ని తనే చింపుకునే రచయిత్రిని మీరెప్పుడైనా చూశారా? ఆమె గుంటూరులో చింపింది. బాపట్లలో చింపింది. ప్రతిసారీ ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంది. నన్ను మాత్రం చివరిదాకా వదిలింది. నేను ఆమె మొదటి ప్రతిని కదా.

నా వంతు ఒక మధ్యాహ్నం వచ్చింది. పీట మీద కూర్చుని నన్ను ఒళ్ళో తెరిచింది. "క్షమించు" అని నాతోనే అంది. చర్రుమని చప్పుడైంది. మనుషులకు పన్ను పీకితే ఎలా ఉంటుందో నాకు తెలియదు కానీ అలాంటిదే అయి ఉంటుంది.

తలెత్తేసరికి వంటింటి గుమ్మంలో సుభద్ర.

"వదినా!" అంది సుభద్ర. "నువ్వా? పేజీలు చింపే దొంగవి నువ్వా? నా వంతు రేపేనని తెలిసే చింపావు కదూ?"

తాయారు చింపిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో దాచుకుంది. "సుభద్రా, అది కాదు..."

"ఇంకేం చెప్పకు. హంతకురాలు ఎవరో చెప్పు. చెప్పకపోతే నేనిక్కడి నుంచి కదలను."

తాయారు చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా, ఆగకుండా. "'ఎవరూ చంపలేదు' అన్నాడు భుజంగం. 'మీ విక్రాంత్ రోజూ మెట్లు దిగుతూ కింది అద్దంలో తన్ను తాను చూసుకునేవాడు. ఆ రోజు కూడా చూసుకున్నాడు. నుదుటి మీద పడే ఆ జుట్టు కళ్ళకు అడ్డం పడింది. ఒక మెట్టు తప్పింది. అంతే.' ఏడుగురు అమ్మాయిలూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చేతులకు ఉన్న సంకెళ్ళు చూసుకున్నారు. ముందుగా నవ్వింది ఎవరో తెలియదు. ఆ నవ్వు మేడ దాటి..."

"వదినా."

తాయారు ఆగింది.

"కాగితం నీ పిడికిట్లో ఉంది" అంది సుభద్ర. "చూడకుండా చెబుతున్నావు. కామాలతో సహా చెబుతున్నావు."

కుక్కరు కూత వేసింది. ఎవరూ దించలేదు.

"ఆ తాయారు నువ్వేనా?"

"నేనే." ఒక్కసారి మొదలుపెట్టాక ఆపలేకపోయింది. "మధూళి కూడా నేనే."

సుభద్ర మొహంలో మొదట వెలుగు వచ్చింది. నిజంగా వచ్చింది, నేను చూశాను. ఎన్నో ఏళ్ళు పూజించిన దేవత వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది మరి. తర్వాత ఆ వెలుగు ఆరిపోయింది. చెయ్యి తనంతట తనే చెంప మీదికి వెళ్ళింది.

"అయితే ఆ ముప్పయ్యో వారం కూడా నువ్వే రాశావా?"

తాయారు కాగితాన్ని పిడికిట్లోనే ఇంకో మడత పెట్టింది.

"నిజంగా వస్తుందని తెలిసి రాశావా, ఊరికే రాశావా?"

"ఊరికే రాశానే" అంది తాయారు. "ఊరికే."

వదిన పిడికిలి విప్పి సుభద్ర కాగితం లాక్కుంది. ఒళ్ళోంచి నన్ను లాక్కుంది. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది.

ఆమె ఇంట్లో నేను రెండు రోజులున్నాను. మొదటి రోజు మంచం మీద మూతపడి ఉన్నాను. రెండో రోజు కిటికీ దగ్గర కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. నవ్వలేదు. ఏడుగురి ఒప్పుకోళ్ళు చదివింది. నవ్వలేదు. ఆఖరికి నలిగిన ఆ కాగితం విప్పి, మెట్టు తప్పే చోటు చదువుతుండగా భర్త వచ్చాడు.

"కాఫీ ఏది? ఆ పుస్తకాలు కుంపట్లో పెడితే గానీ నీకు బుద్ధి రాదు" అంటూ ఆయన చెయ్యెత్తాడు.

సుభద్ర తలెత్తి చూసింది. చెయ్యెత్తిన ఊపుకు, ఆయన బట్టతల మీద జాగ్రత్తగా అడ్డంగా దువ్వుకున్న నాలుగు వెంట్రుకలు జారి నుదుటి మీద పడ్డాయి.

సుభద్రకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. కొట్టాలంటే ఎదుటి మనిషి భయపడాలి కదా, ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "ఏమిటే? ఏమైందే నీకు?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆమె నవ్వుతూనే రెండు చీరలు సంచిలో పెట్టుకుని, నన్ను చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. జాగ్రత్తగా, చూసుకుని దిగింది.

అన్నగారింటికే వచ్చింది. కానీ వదినతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో, మధ్యలో అన్నగారిని పెట్టుకుని బతికారు. "అన్నయ్యా, ఉప్పు అందించమను." "ఏమండీ, డబ్బాలో ఉందని చెప్పండి." పాపం ఆ రైల్వే మనిషి డ్యూటీ లేని రోజున కూడా డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. తాయారు కలం ముట్టుకోలేదు. పప్పు డబ్బా మీద దుమ్ము చేరింది.

సుభద్ర మాత్రం ఒక మధ్యాహ్నం అన్నం మెతుకులు మెదిపి నా చివరి పేజీని నాకు అతికించింది. వంకరగా అతికింది. నాకు అది దేవుడిచ్చిన వరంలా అనిపించింది. తర్వాత నన్ను హైమావతికి అప్పగించింది.

దసరా వెళ్ళాక నా పక్కకు కొత్త పుస్తకం ఒకటి వచ్చి కూర్చుంది. నిగనిగలాడే అట్ట. ఈసారి బొమ్మ సరిగ్గానే ఉంది. మెట్లు, కింద పడ్డ పట్టు లాల్చీ. పేరు ఆరడుగుల శవం. నా తమ్ముడే, రెండో ముద్రణ! ఎగిరి గంతేద్దామనుకున్నాను. అంతలో కింద రచయిత్రి పేరు చూశాను.

మధూళి.

మిగతా సంగతి వాడే చెప్పాడు. చివరి పేజీ కోసం జనం దుకాణాల మీద పడ్డారట. దసరాకు ముందే గోడౌను ఖాళీ అయిందట. తాయారు గెలిచానని వెళ్ళిందట. గురునాథం కొబ్బరిబోండం తెప్పించి, "చెల్లింది తల్లీ, ఒప్పుకుంటున్నాను. ఇంతగా చెల్లే పుస్తకాన్ని ఎవరికీ తెలియని పేరుతో ఎలా వెయ్యను? పెద్ద పేరు పెట్టాను. ఇంకా ఎక్కువ అమ్ముడుపోతుంది" అన్నాడట. ఆమె కొబ్బరిబోండం ముట్టుకోకుండా వచ్చేసిందట.

ఆ తర్వాత చాలా రోజులు తాయారు లైబ్రరీకి రాలేదు. వచ్చిన రోజున మనిషి సగమైపోయింది. కింది అరలో నన్ను కూడా వెతకలేదు.

"రండి తాయారమ్మా, మీరే చెప్పండి" అంది హైమావతి మండిపోతూ. "మళ్ళీ మొదలైంది ఆ జబ్బు! కొత్త పుస్తకం, తెచ్చి నెలైనా కాలేదు. మొదటి పేజీలో హంతకురాలి పేరు రాసేశారు. గుంటూరులో, బాపట్లలో కూడా ఇదే రాతట. చూడండి."

తాయారు నా తమ్ముణ్ణి చేతిలోకి తీసుకుంది. తెరిచింది. నేను బీరువాలోంచి మెడ సాచి చదివాను.

"మధూళి" అనే అచ్చు అక్షరాలను ఎవరో అడ్డంగా కొట్టేశారు. కింద, దాపరికం లేని కుడిచేతి రాతలో, పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది.

"ఈ ఆరడుగుల మనిషిని చంపింది మా వదిన. పేరు తాయారు. మంచి పని చేసింది. - సుభద్ర"

కన్నీటి చుక్క ఒకటి పేజీ మీద పడబోతే తాయారు చప్పున పుస్తకాన్ని పక్కకు జరిపింది. పుస్తకాలు రాసేవాళ్ళకు ఆ జాగ్రత్త ఉంటుంది.

"రబ్బరుతో రుద్ది రుద్ది చెయ్యి నొప్పి పుట్టింది" అంది హైమావతి. "పోదమ్మా. ఈసారి పెన్నుతో రాశారు."

వెనక వరసలో నిలబడ్డ టీచరమ్మ తొంగి చూసింది. "ఎవరీ తాయారు? ఇంకేమైనా రాసిందా?"

హైమావతి తాయారు వైపు తిరిగింది. "మీ పేరే కదా, కింద సంతకం మీ ఆడపడుచు పేరు. మీకేమైనా తెలుసా?"

తాయారు ముక్కు తుడుచుకుంది. "ఒకటే రాసింది" అంది. తర్వాత గొంతు సవరించుకుంది. "ఇంకోటి రాస్తోంది."

ఇంటికి వెళ్ళి ఏమి చేసిందో నేను చూడలేదు. కానీ ఆ మర్నాడు సుభద్ర వచ్చి పంచాంగం అడుగుతూ, "మా వదిన పప్పు డబ్బా ఖాళీ చేసి ఇవ్వమని ఒకటే గోల హైమా, బల్ల కొనుక్కోవచ్చుగా" అని విసుక్కుంది. "అన్నయ్యా, చెప్పు" అనలేదు. "మా వదిన" అంది. నాకు అర్థమైంది.

ఆ తర్వాత లైబ్రరీలు పోయాయి. హైమావతి బీరువాలు అమ్మేసింది. మేమంతా బస్తాల్లో మూటగా వెళ్ళి, చివరికి విజయవాడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో పడ్డాం. ఎండకు నా గులాబీ వెలిసి తెల్లబడింది. అమ్మాయి మాత్రం ఇంకా ఏడుస్తూనే ఉంది, ఎందుకో దానికీ తెలియదు. నా అంచుల మీది జాతర చెరిగిపోతోంది. చివరి పేజీ వంకరగానే ఉంది, గట్టిగానే ఉంది.

అప్పుడప్పుడు ఎవరో ఒకరు నన్ను చేతిలోకి తీసుకుని, బొమ్మ చూసి నవ్వి, పెట్టేస్తారు. పెట్టేసే ముందు కింద ఉన్న పేరు ఒకసారి పైకి చదువుతారు. నాకు అంతవరకూ చాలు.